కలిసిన నీలం

గుడియాత్తంలో మగ్గం వదిలేసి, వేలూరులో కార్లకు రంగులేసే పనికి వచ్చి లోగనాథన్‌కు ముప్పై ఏళ్ళయింది. ఇలాంటి తంటా ఎన్నడూ రాలేదు.

జానకిరామన్ గారి పాత విదేశీ కారు బంపరు ఇనుముది కాదు. వేలితో ఒత్తితే లోపలికి పోయి మళ్ళీ వచ్చే యురేథేన్ అనే మెత్తటి ప్లాస్టిక్‌ది. పగుళ్ళు పూడ్చి, అది వంగినా రంగు పెచ్చులూడకుండా పెయింటులో మందు కలిపాడు. కలపగానే నీలం పాలిపోయింది. నాలుగు రోజులు కలుపుతూ, షెడ్డు గోడకు పూసి చూసుకుంటూ, చివరికి బాడీ నీలానికి వెంట్రుకవాసి తేడా లేకుండా తెచ్చాడు.

జానకిరామన్ వచ్చి చూసి మొహం చిట్లించాడు.

"ఇది నా బంపరు కాదప్పా. మార్చేసినావా?"

"మీదే సార్! రంగు ఎట్ల కలిసిందో చూడండి."

"అదే చెప్తా ఉండా. కొత్తలోనే బంపరు ఒక చాయ తక్కువ ఉండె. దాన్ని చూసే మా కారని దూరం నుంచే గుర్తుపడతా ఉంటి."

రంగు కలవలేదని లోగనాథన్ ఎన్నో తిట్లు తిన్నాడు గానీ, కలిసిందని తినడం ఇదే మొదలు.

"అయితే ఏ నీలం కావాల సార్?"

జానకిరామన్ గోడ దగ్గరికి నడిచి, ఒక మరక మీద వేలు పెట్టాడు. మొదటిరోజే లోగనాథన్ విసుగ్గా అడ్డగీత కొట్టేసిన నీలం అది.