గోడకు కట్టిన పసుపు కర్టెన్

దగ్గరికి జరిగి కూర్చో అమ్మాయీ. ఈ మాతే టీ బుర్ర పట్టుకో, వేడిగా ఉండగానే గొట్టంతో పీల్చు. మోంటేవిడియోలో మా ఇళ్లు ఎలా లేచాయో చెబుతాను.

ఇక్కడ మునిసిపాలిటీ వాళ్ల పాత ట్రాము షెడ్డు ఉండేది. ఆ స్థలం అమ్మెయ్యాలని కొందరు కౌన్సిల్ సభ్యులు పట్టుబట్టారు. అద్దెలు కట్టలేని మేమంతా వెళ్లి సభ గుమ్మంలో కూర్చుని కదలకపోతే, చివరికి మాకే ఇచ్చారు. ఇళ్లు మేమే కట్టుకోవాలి. ఎవరికి ఏ ఇల్లో అన్నీ పూర్తయ్యాక చీటీలు తీస్తేనే తెలుస్తుంది. ముందే తెలిస్తే ఎవరింటికి వాళ్లే సిమెంటు ఎక్కువ కలుపుతారు కదా మరి.

అన్నిట్లోకి మూలిల్లు మంచిది. మన దక్షిణ దేశంలో సూర్యుడు ఉత్తరాన తిరుగుతాడు కదా, చలికాలంలో ఆ ఎండ నేరుగా వంటింట్లో పడుతుంది. మాతోపాటు ఇళ్లు కడుతున్న నెలీదా తడి గోడల గదిలో ఏళ్లుగా కీళ్లనొప్పులతో మగ్గింది, దానికి ప్రాణమంతా దానిమీదే. తన తమ్ముడి భార్య ఇర్మా అంటే మాత్రం నెలీదాకి ఒళ్లుమంట. చర్చి లాటరీలో కోడి ఎప్పుడూ ఇర్మాకే. నెలీదా సొంత తల్లి కుట్టుమిషను కూడా ఇర్మాకే పోయింది. నవ్వితే బుగ్గన సొట్ట పడేదీ ఇర్మాకే.

ఒకరోజు ఇర్మా మూలింటి కిటికీలో నిలబడి, ఇక్కడ పసుపు కర్టెన్ బావుంటుంది వదినా అంది. అంతే, ఆ ఇంటి చీటీ ఇర్మాకే వస్తుందని నెలీదాకి రూఢి అయిపోయింది. ఆ వంటింటి టైల్స్ పని ఆ వారం నెలీదాదే. మిగతా ఇళ్లలో దాని పని అద్దంలా ఉండేది. ఇక్కడ వరస తిన్నగా ఉందో లేదో చూసే రసమట్టం పక్కన పడేసి, వరసలన్నీ వంకరగా దించింది. ఇర్మా మొహానికి ఇది చాల్లే అనుకుంది.

చీటీల రోజు టోపీలో చెయ్యి పెడితే మూలిల్లు నెలీదాకే వచ్చింది. ఎండ రాని వెనకిల్లు ఇర్మాకి. అందరూ చప్పట్లు కొడుతుంటే నెలీదా మొహం పాలిపోయింది.

మార్చడానికి టైల్స్ మిగల్లేదు. పొద్దున్నే ఎండ పడగానే ఆ వంకరంతా తళతళా మెరిసేది. చూడలేక నెలీదా ఇర్మా ఉన్న వెనకింటికి పోయి కూర్చునేది. ఒకనాడు అక్కడి గోడ చూస్తూ ఉండబట్టలేకపోయింది.

"నీకన్నీ కలిసొస్తాయే. ఇంత తిన్నగా ఎవరు వేశారే?"

"నువ్వేగా వదినా. సిమెంటు నేనే అందించాను, మర్చిపోయావా?"

నెలీదా లేచి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"ఆ పసుపు గుడ్డ ఉంటే ఇటివ్వు."

"కిటికీకా?"

"గోడకి."

వాళ్లిద్దరూ పోయారు గానీ ఆ కర్టెన్ ఇంకా గోడకే ఉంది. రేపు ఆ ఇంట్లో దిగేవాళ్లు అది తీసి ఇదేంటని అడిగితే, నేనుండను, నువ్వే చెప్పాలి. గుర్తుపెట్టుకో. ఇర్మా బుగ్గన సొట్ట మాత్రం వదిలెయ్యకు.