మట్టికోట ముందు పది గొట్టాలు

నేను ఒక పది గొట్టాల తుపాకిని. భుజాన పెట్టుకునేదాన్ని కాదు నాయనా, రెండు చక్రాల మీద ఎడ్లు లాగితే కదిలేదాన్ని. నెత్తిమీది పెట్టెలో తూటాలు పోసి పక్కనున్న పిడి తిప్పితే, గొట్టాలు గిర్రున తిరుగుతూ ఒకదాని వెంట ఒకటి పేలతాయి. సముద్రం అవతల నన్ను పుట్టించినవాళ్ళు, వందమంది సిపాయిల పని ఇదొక్కటే చేస్తుందని చెప్పి ఓడెక్కించారు. అంత మాట ఎందుకన్నారో, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

విశాఖపట్నంలో దింపాక ఒక కెప్టెన్ దొర నన్ను పరీక్షించాడు. ఎలాగంటారా? మైదానంలో తెల్లగుడ్డ కట్టించి, కాల్పించి, చిల్లులు లెక్కపెట్టాడు. బ్రహ్మాండం అని రాసుకున్నాడు. గుడ్డ తిరిగి కాల్చదు కదా, గోడ వెనక దాక్కోదు కదా. ఆ సంగతి ఆయనకు చెప్పేదెవరు?

ఆ తరవాత మన్యం అంచున ఉన్న రేగటికోట ముట్టడికి నన్ను లాక్కెళ్ళారు. తిరగబడిన ముఠాదారు, అంటే ఆ కొండ ఊళ్ళ మీద పెత్తందారు, లోపలున్నాడు. బారెడు మందం మట్టిగోడ. రోజంతా కాలిస్తే తూటాలన్నీ మట్టిలో దిగబడ్డాయి. పొద్దున్నే ఆడవాళ్ళు బయటికొచ్చి చిల్లుల్లో బురద మెత్తుతుంటే, వాళ్ళని కాల్చమనడానికి దొరకి నోరు రాలేదు. పైగా ఆపకుండా రెండొందలు పేలిస్తే నాకు ఒళ్ళు కాలిపోయి, తూటా గొట్టంలో ఇరుక్కుంటుంది. నా పిడి తిప్పే హవల్దారు పైడయ్యకి ఇది బాగా తెలుసు.

మూడో రోజు దొర కొత్త ఉపాయం చెప్పాడు. అయిదుగురు మందుగుండు సంచీతో పరిగెత్తి కోట తలుపు పేల్చాలి. గోడమీద ఒక్క తల లేవకుండా నేను ఆపకుండా కాలుస్తూ ఉండాలి. ఆ అయిదుగురిలో పైడయ్య చెల్లెలి మొగుడు అసిరయ్య ఉన్నాడు.

“దొరా, ఏగంగా తిప్పితే ఆళ్ళు సగం దూరం ఎల్లీసరికి ఇది మొరాయిస్తాది” అన్నాడు పైడయ్య.

“నీ పని తిప్పడం” అన్నాడు దొర.

అసిరయ్య సంచీ ఎత్తుకున్నాడు. “బావా, నాకేటైనా అయితే నీ సెల్లి నీ ఇంట్లోనే కూకుంటాది. సూసుకో.”

“దాని నోటి ముందు ఈ తుపాకీ ఏ మూలకిరా. వొంగి పరిగెట్టు.”

వాళ్ళు పరుగందుకున్నారు. పైడయ్య పిడి తిప్పాడు, ఆపాడు. వాళ్ళమ్మ వడ్లు దంచేటప్పుడు రోకలి ఎత్తి ఊపిరి తీసుకున్నట్టు. గోడమీద తలపాగా కదిలితే సగం చుట్టు, లేకపోతే ఊరుకోవడం. వెనక నుంచి దొర “వేగం, వేగం” అని అరుస్తున్నాడు. పైడయ్య చెవిటివాడిలా కూర్చున్నాడు. ఒక్క తూటా ఇరుక్కోలేదు. ఎప్పుడు పేలుతుందో తెలియక గోడమీదివాళ్ళు తల ఎత్తలేదు. తలుపు పేలింది.

అసిరయ్య వచ్చి నా చక్రం పక్కన కూలబడ్డాడు. “నువ్వు ఆపినప్పుడల్లా నా పేణం పోయింది బావా.”

“పోతే ఎలా పరిగెట్టావురా?”

దొర మాత్రం నవ్వలేదు. ‘వేగం లేదు, ముట్టడికి పనికిరాదు, తిప్పేవాడు చెప్పిన మాట వినడు’ అని పైకి రాసి పంపాడు. పైడయ్య చేతిమీది హవల్దారు పట్టీలు ఊడదీశారు. నన్ను గోదాములో పడేశారు.

ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాను. దొర రాసిన ముక్కలే నా ముందు పలకమీద చెక్కారు. వచ్చినవాళ్ళు చదివి, అయ్యో పాపం అంటూ పోతారు. నాకు నోరుంటే కదా చెప్పడానికి. నా బరువు రాశారు, గొట్టాల పొడవు రాశారు. ఆ రోజు వెళ్ళిన అయిదుగురూ తిరిగొచ్చారని మాత్రం ఎక్కడా లేదు.