మూడో ప్లగ్గు

ఇస్రాయేలు ఓమ్ని వ్యాన్ ముందు సీటు ఎత్తి, ఇంజను మీది మూత తీశాడు. వనపర్తిలో అతని షెడ్డు ఎనిమిదింటికి తెరుస్తారు. వ్యాన్ నడిపే బాలస్వామి ఏడింటికే వచ్చి కూర్చున్నాడు.

"ఏమైందే?"

"మొన్న ఎక్కుడుల గుంజలే."

మొన్న సాయంత్రం అతను ఖిల్లా ఘణపూర్ నుంచి హన్మమ్మను వనపర్తి దవాఖానకు తెస్తున్నాడు. ఆమెకు ఎదలో నొప్పి. కొడుకు దశరథం వెనక సీట్లో తల్లి తలను ఒళ్లో పెట్టుకున్నాడు. రోడ్డు ఎత్తెక్కే చోట ఇంజను కొట్టుకొని ఆగిపోయింది. ప్లగ్గులు ఊడదీసి, తోమి, బిగించి బండి కదిలించేసరికి ముప్పావు గంట పోయింది. డాక్టరు నాడి చూసి, ప్రాణం పోయింది, అరగంట ముందు తేవాల్సింది అన్నాడు. దశరథం విన్నాడు. బాలస్వామీ విన్నాడు. అప్పటినుంచి అతనికి అన్నం రుచి తెలియడం లేదు. ఏడుపూ రాలేదు. తప్పు బండిదా, తనదా అన్నదొక్కటే తేలాలి.

ఇస్రాయేలు మూడు ప్లగ్గులూ తీసి గుడ్డ మీద పెట్టాడు. రెండింటి కొనలు ఇటుక రంగులో ఉన్నాయి. మూడోది నల్లబడి పెట్రోలుతో తడిసి ఉంది.

"దేంతోని తోమినవ్?"

"గరుకు ఉప్పుకాయిదంతోని."

"మీ అత్తగారింటి అంట్లబోలె అనుకున్నవా, అట్ల రాకినవ్?"

బాలస్వామి నవ్వలేదు. ఇస్రాయేలు మూడోదాన్ని వెలుతురుకు పట్టి తిప్పాడు. పింగాణీ మీద వెంట్రుకంత గీత ఉంది. గోటితో గీరితే పోలేదు.

"పలిగిందే. సల్లగున్నప్పుడు నడుస్తది. వేడెక్కి బరువు గుంజేకాడ నిప్పురవ్వ అందదు. కింద గిట్ల పడ్డదా?"

"పడలే."

ఇస్రాయేలు అతని మొహం చూశాడు. మళ్లీ అడగలేదు. మూడు కొత్త ప్లగ్గులు తీసి, కొనల మధ్య సందు రేకుతో కొలిచి బిగించాడు.

పడింది. మొన్న పొద్దున ప్లగ్గులు తీసి తుడుస్తుంటే ఇంటి ముందు బండ మీద పడింది. బాలస్వామి దాన్ని లుంగీకి తుడిచి, వనపర్తి పోయినప్పుడు కొత్తది కొందామనుకొని, అదే బిగించాడు.

పగిలిన పాత ప్లగ్గు జేబులో వేసుకొని ఘణపూర్ చేరాడు. దశరథం తన ఇంటి అరుగు మీద ఉన్నాడు.

"రా బాలన్నా. రేపు అవ్వ బూడిద, బొక్కలు బీచుపల్లి కాడ కృష్ణల కలపాలె. ఆరింటికి నీ బండే తే."

బాలస్వామి ప్లగ్గు తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఏందిది?"

"గిది పలిగినందుకే బండి ఆగింది. ఆ పొద్దుగాల నా చేతులకెల్లి బండమీద పడ్డది. సూడకుండ గదే ఏసిన."

దశరథం ప్లగ్గును అటూ ఇటూ తిప్పాడు. లోపల అతని భార్య నాగేంద్రమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగింది.

"నువ్వు జెప్పకుంటే నాకు తెల్వకపోతుండె."

"తెల్వకపోతుండె."

"మరెందుకు జెప్పినవ్?"

వీధిలో బర్రెలు పోతున్నాయి. బాలస్వామి వాటికి దారి వదిలి అరుగు పక్కకు జరిగాడు.

"రేపు మేం బస్సుల పోతం," అన్నాడు దశరథం.

ప్లగ్గు తిరిగి ఇవ్వలేదు. బాలస్వామి అడగలేదు. వ్యాన్ ఎక్కి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే స్టార్టయింది.