పిచ్చయ్య గారి ఎరుపు

"ఎరుపు చాల్లేదమ్మాయ్," అన్నాడు పిచ్చయ్య. అనడం ఇది ఏడోసారి.

బిందుమాధవి మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. లేకపోతే దాన్ని ఎటైనా విసిరేసేట్టుంది. గుంటూరు బ్రాడీపేటలో ఆమె డీటీపీ సెంటరు పెట్టి మూడేళ్లయింది. ఆ మూడేళ్లూ శుభలేఖలు, కరపత్రాలు, ఒకే రంగులో అక్షరాలు కూర్చడంతోనే సరిపోయింది. విజయవాడలో ఆఫ్‌సెట్ ప్రెస్సు నడిపే లక్ష్మీనరసింహం గారు ఎట్టకేలకు ఒక మాటన్నారు. ఈ పిచ్చయ్య కారప్పొడి లేబులు కుదిరితే, ఇకమీదట తమ ప్రెస్సుకొచ్చే రంగుల డిజైన్లన్నీ ఆమెకేనట. ఆ మాట కోసమే పిచ్చయ్యను భరిస్తోంది.

పిచ్చయ్యది ప్రత్తిపాడు దగ్గర పల్లె. సొంత చేలో మిరపకాయలు సొంత మిల్లులో ఆడించి, ప్యాకెట్లు కట్టి అమ్మాలని ముచ్చట పుట్టింది. వచ్చినప్పుడల్లా జేబులోంచి గుప్పెడు ఎండుమిరపకాయలు తీసి కీబోర్డు పక్కన పోసి, ఇదిగో ఈ రంగు రావాలనేవాడు. తుమ్ములు మాత్రం ఆమెకి. మెజెంటా సిరా నూటికి నూరు, పసుపు సిరా నూటికి నూరు పెట్టేశాక ఇంక పెట్టడానికి ఎరుపు లేదని, తెర మీది వెలుగు కాగితం మీద రాదని చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పెట్టింది. ఆయన అంతా విని, తలూపి, ఇంకొంచెం వెయ్యమనేవాడు, కూరలో కారం వేసినట్టు.

చివరికి ఫిలిములు తీయించి, అచ్చుకు ముందు చూసుకునే నమూనా, కలర్ ప్రూఫు తెప్పించి చేతిలో పెడితే, అలిసిపోయాడో ఏమో, సంతకం పెట్టాడు. ఆ ప్రూఫునే మిషన్ పక్కన పెట్టుకుని ప్రెస్సువాళ్లు రంగులు సరిచూసుకుంటారు. దాన్ని ఒకపూట దేవుడి దగ్గర పెట్టి, తానే ప్రెస్సులో ఇచ్చేస్తానన్నాడు పిచ్చయ్య. కొత్త వ్యాపారం, దేవుడి మాట తెచ్చాక కాదంటే ఏం బాగుంటుందని బిందుమాధవి ఇచ్చేసింది.

లేబుళ్లు అయ్యాయని ఫోనొస్తే బస్సెక్కి ప్రెస్సుకు వెళ్లింది. ఒక కట్ట విప్పి చూసింది. అది తను పెట్టిన ఎరుపు కాదు, నారింజకు దగ్గరగా ఉంది. ఇదేమిటని మిషన్ నడిపే మాబును నిలదీస్తే, అతను నొచ్చుకుని ప్రూఫు తెచ్చి చూపించాడు. లేబుళ్లు అచ్చం దానిలాగే ఉన్నాయి. ప్రూఫే పచ్చబడిపోయింది.

పక్కన కూర్చుని టీ తాగుతున్న పిచ్చయ్య సంగతంతా సంబరంగా చెప్పాడు. ఆయన భార్య సుబ్బరావమ్మ ప్రూఫు మూలలకు పసుపు రాసిందట. పైన పసుపునీళ్లు చల్లి, మరకలు పడ్డాయని తడిగుడ్డతో తుడిచిందట. దాంతో పసుపు కాగితమంతా సమంగా పట్టేసింది. తెల్లటి చోట్లు కూడా పచ్చగా ఉంటే కాగితమే అంత అనుకుని, పాపం మాబు మెజెంటా తగ్గించి, పసుపు సిరా పెంచి, పూటంతా మిషన్‌తో కుస్తీ పట్టాడు.

"నేనడిగింది ఈ రంగేనమ్మాయ్. అప్పుడే ఆడించిన కారం ఇట్టానే ఉంటది. ఏడుసార్లు చెప్పినా నీకు అర్థం కాలా. ఈ మాబు ఒక్క చూపులో పట్టేశాడు."

బిందుమాధవికి ఒళ్లు మండిపోయింది. ప్రూఫును గోటితో గీకి, ఇది పసుపు, రంగు కాదని చూపించింది. పసుపు పడితే మంచిదేగా అన్నాడాయన.

"మీరు తెచ్చి చూపించింది కాయలండీ, పొడి కాదు."

"కాయలాడిస్తేనేగా పొడి."

లక్ష్మీనరసింహం గారు నవ్వు ఆపుకున్నారు. పని ఇచ్చిన పార్టీ సంతోషంగా ఉంది, ఆయనకు అది చాలు. "ఇకనుంచి అక్షరాలు కూర్చి పంపండమ్మా. రంగుల సంగతి మా మాబు చూసుకుంటాడు," అన్నారు. తను ప్రూఫు చూసి రంగు కలిపానంతేనని మాబు గొణిగాడు గానీ ఎవరూ వినిపించుకోలేదు.

బిందుమాధవి ఒక లేబులు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. ఏదో ఒక వంక దొరక్కపోతుందా, నాలుగు దులపకపోతానా అని అటూ ఇటూ తిప్పి చూసింది. రంగు బాగుంది. ఆమెకు ఏడుపొచ్చింది అందుకే.