పదికి పది

తెల్లారేసరికి ఇంట్లో చీలమండలు మునిగేంత నీళ్ళు. లిదియా బకెట్ చేతిలోకి తీసుకుని, ఏమనుకుందో మళ్ళీ గోడవారన పెట్టేసింది.

ఆలూరు దగ్గర రోడ్డు ఎత్తు పెంచినప్పటి నుంచీ వాన పడితే ఇదే వరస. రోడ్డు మీది నీళ్ళన్నీ వీళ్ళ గడప దాటి లోపలికే వస్తాయి. మొగుడు శాంసన్ ప్యాంటు మడుచుకుని డ్యూటీకి పోతాడు. అత్త ప్రేమమ్మ మంచమెక్కి, "జల్ది ఎత్తిపొయ్యే, ఎవరన్న చూస్తే ఇజ్జత్ పోతది" అంటుంది. ఎత్తిపోసి, తుడిచి, తడి బట్టలు ఆరేసేసరికి పదకొండవుతుంది, నడుము పట్టేస్తుంది. దాన్ని పని అని ఆ ఇంట్లో ఎవరూ అనరు.

సరిగ్గా అప్పుడే సమత వచ్చేది. రోడ్డు వాళ్ళు వాననీళ్ళను ఇళ్ళలోకి రాకుండా సరిగా పంపిస్తున్నారో లేదో ఇంటింటికీ వచ్చి కొలిచి, వాళ్ళకు మార్కులు వేయడం ఆమె ఉద్యోగం. "నీళ్ళొస్తున్నయా?" అంటే ప్రేమమ్మే ముందు అందుకునేది. "ఏం రావు బిడ్డా, మా ఇల్లెప్పుడూ సాఫ్‌గనే ఉంటది."

పోయిన వానకు లిదియా వాకిట్లో ఆమెను ఆపి, పక్క కాలువ ఎప్పుడు కడతారని అడిగింది.

"మీకెందుకు కడ్తరు? మీ కాడ పదికి పది వచ్చినయి. తక్కువొచ్చిన కాడనే కాలువ."

"నీళ్ళొస్తయి మేడం!"

"నేను కొలిచిందే రాయాలె గదా."

పదికి పది! రెండేళ్ళుగా ఆ రోడ్డుకు మార్కులు తెచ్చిపెడుతున్నది తన నడుమేనని తెలిశాక లిదియాకు ఒళ్ళు మండిపోయింది.

ఇవాళ డ్యూటీ లేక ఇంట్లోనే ఉన్న శాంసన్ కసురుకున్నాడు. "మేడం వచ్చే టైమైతున్నది. ఇల్లు గిట్ల పెట్టుకొని కూసున్నవేందే?"

"వస్తదనే ఎత్తిపోస్తలేను."

"ఏసయ్యా! మంది నవ్వుతరే" అంది ప్రేమమ్మ.

"నవ్వనియ్యి అత్తమ్మా."

అన్నదే గానీ రెండుసార్లు గడప దాకా పోయి చూసొచ్చింది. చాయ్ పెట్టుకుని, అత్త పక్కనే మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. వాన పడ్డ పొద్దున కూర్చుని చాయ్ తాగడం ఈ ఇంట్లో ఇదే మొదలు. హాయిగా ఉందని ఒప్పుకోవడానికి కాస్త సిగ్గేసింది కూడా.

సమత వచ్చి గడపలోనే ఆగిపోయింది. చెప్పులు విప్పి నీళ్ళలోకి దిగి స్కేలు ముంచింది.

"ఆరంగుళాలు! మరి నేనొచ్చినప్పుడల్ల పొడిగ ఉండె గదా?"

"నేను ఎత్తిపోసిన మేడం. ప్రతిసారి."

సమత ఆమె వంక ఒక్క క్షణం చూసి, కాగితం మీద సున్నా చుట్టింది. ఒకరికి సున్నా వస్తే ఇంత నిమ్మళంగా ఉంటుందని లిదియాకు తెలియదు.

సమత వెళ్ళగానే శాంసన్ అన్నాడు, "కొలుసుడు అయిపాయె గదా, ఇగ ఎత్తిపొయ్యి."

లిదియా గ్లాసు దించలేదు.

"రెండు బకెట్లున్నయి. నీది తీస్కో, నేను చాయ్ తాగి వస్త."