హద్దు దాటిన దొండపాదు

కోటేశ్వరరావు పొద్దున్నుంచీ కుర్చీలో కూర్చోలేదు. ల్యాప్‌టాప్‌ని ఫైళ్ళ బీరువా మీద పెట్టుకుని, నిలబడే, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతూ అప్లికేషన్‌కి ఫొటోలు ఎక్కిస్తున్నాడు. పొట్టి మనిషి. ఎండకి కమిలి నల్లబడ్డ మెడ, మోకాళ్ళ దగ్గర మట్టి మరకలు వదలని ప్యాంటు, తల మీద అంచు వంగిపోయిన గడ్డిరంగు టోపీ. ఆఫీసులో కూడా ఆ టోపీ తియ్యడు. కాఫీ పోసుకుంటాడు, తాగడు. కిటికీ దాకా వెళ్తాడు, వస్తాడు.

అమెరికాలోని క్యారీ ఊరి చుట్టుపక్కల మిగిలిన అడవి ముక్కల మీద ఇళ్ళు లేవకుండా ఎప్పటికీ కాపాడతామని మాటిచ్చిన చిన్న ట్రస్టు అది. ఇలాంటి ట్రస్టులు మాట నిలబెట్టుకుంటున్నాయా లేదా అని చూసే కమిషన్ ఒకటుంది. ఐదేళ్ళకోసారి దాని ముందు నిలబడి, మా గుర్తింపు రెన్యూ చెయ్యండి అని అడుక్కోవాలి. గుర్తింపు పోయిందా, ఇంకెవడూ నమ్మి భూమి ఇవ్వడు. ఉన్న భూమి చుట్టూ బిల్డర్లు గద్దల్లా తిరుగుతారు.

రెన్యూ అన్న మాట వింటే కోటేశ్వరరావు ఇప్పటికీ కాగితాలన్నీ మొదటి నుంచీ మళ్ళీ సరిచూసుకుంటాడు. పద్దెనిమిదేళ్ళు మూడేసేళ్ళ వీసాల మీద బతికిన ప్రాణం. ఉద్యోగం టెస్టింగు, అంటే ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. వీసా పెట్టిన కన్సల్టెన్సీ వాళ్ళు తన కాగితాల్లో తప్పు మాత్రం వెతకనివ్వలేదు. ఒకసారి వీసా పొడిగింపుకి, "ఏం కాదండీ, అందరూ చేసేదే" అంటూ కన్సల్టెన్సీ వాడు అతను పని చెయ్యని ఊరి అడ్రసు రాసి పంపాడు. పట్టుకున్నారు. ఏడాది పాటు జీతం లేదు. ఆ ఏడాదే భార్యకి కడుపులో నొప్పి మొదలైంది. ఇన్సూరెన్సు లేదు కదా, స్కానింగు తర్వాత చూద్దాంలే అంది ఆవిడ. గ్రీన్ కార్డు చేతికొచ్చేసరికి ఆవిడ లేదు. కార్డొచ్చిన మరుసటేడాదికి ఉద్యోగమూ లేదు.

అప్పుడొచ్చి ఇక్కడ చేరాడు. ఈ దేశంలో మనిషికి మూడేళ్ళు, చెట్టుకి శాశ్వతం! చేరిన రోజు అనుకుని నవ్వాడు. తర్వాత నవ్వు పోయింది, చెట్ల మీద పట్టుదల మిగిలింది.

"కోటీ, వాగు అడవి ఒక్కటే మిగిలింది," అంది డైరెక్టర్ డయాన్. "సాయంత్రం పంపెయ్యాలి. ఇవాళైనా వెళ్తావా?"

"వెళ్తాను."

ఏప్రిల్ నుంచీ వెళ్తాననే అంటున్నాడు. వానన్నాడు, పామన్నాడు, మోకాలన్నాడు. అసలు సంగతి అవేమీ కాదు. ప్రతి ఏడూ ప్రతి అడవికీ వెళ్ళి, అదే హద్దు గుంజ దగ్గర నిలబడి, నాలుగు దిక్కులకీ నాలుగు ఫొటోలు తియ్యాలి. వాగు అడవి తూర్పు గుంజ సరిగ్గా స్నేహితులు జగదీష్, మీనా దంపతుల పెరటి వెనక ఉంది. ఆ ఇంట్లోనే ప్రతి ఆదివారం అతనికి భోజనం.

దారిలో, అరోరాలో ఉంటున్న కూతురు స్పందన ఫోన్ చేసింది. "నాన్నా, డాక్టర్ అపాయింట్‌మెంట్ బుక్ చేశావా?"

"చేస్తానే."

"నువ్వు వన్ మినిట్ కూడా సిట్ చెయ్యవు నాన్నా."

"కూర్చుంటా. ఇవాళ్టి పని అయిపోతే కూర్చుంటా."

పెరట్లోకి వెళ్ళేసరికి మీనా హెడ్‌సెట్ మెడలో వేసుకుని దొండకాయలు కోస్తోంది. "రండన్నయ్యా! టైముకొచ్చారు. కవర్ పట్టండి."

అతను కవర్ పట్టలేదు. పందిరి వంక చూశాడు. ఏపుగా ఉంది, దిష్టి తగిలేట్టు. నాలుగు రాటల్లో రెండు గడ్డి దాటి అడవి మట్టిలో ఉన్నాయి. మూడో వైపు రాట సరిపోక, నడుమెత్తున నిలబడ్డ ట్రస్టు వారి ఇనప గుంజకే తీగ బిగించి కట్టారు. గుంజకి గుర్తుగా చుట్టిన నారింజ రిబ్బను మీద దొండాకులు.

"అమ్మా, పందిరి హద్దు దాటింది."

"ఏ హద్దు?"

"నువ్వు తీగ కట్టావే, అదే హద్దు."

మీనా నవ్వింది. అతను నవ్వకపోయేసరికి ఆపింది. "మరి ఈ పందిరి కింద కూర్చుని వేపుడు తిన్నప్పుడు గుర్తు రాలేదా అన్నయ్యా, హద్దు?"

"వచ్చిందమ్మా. ముద్దముద్దకీ వచ్చింది."

జగదీష్ బయటికొచ్చాడు. సంగతి విని చెయ్యి విదిలించాడు. "గింతదానికా? రెండడుగులే కదన్నా! కొంచెం పక్కకి జరిగి ఫొటో కొట్టు, ఆ ఓక్ చెట్టు అడ్డమొస్తది. పందిరి కనిపియ్యదు. అందరు చేసేదే."

కోటేశ్వరరావు ఓక్ చెట్టు వంక చూశాడు. నిజమే. రెండడుగులు ఎడమకి జరిగితే చాలు. సాయంత్రానికి అప్లికేషన్ వెళ్ళిపోతుంది, ఆదివారం భోజనం నిలబడుతుంది.

"ఆ మాట నా దగ్గర అనకు జగదీష్."

"మొక్క అరోరా నుంచి తడి టిష్యూల చుట్టి తెచ్చిందే నువ్వు కదనే!"

"నేనే తెచ్చా. అందుకే నేనే జరుపుతా."

"మా మీద కంప్లైంట్ రాస్తారా?" అంది మీనా.

"హద్దు దాటారని రాస్తా. వెనక్కి జరిపారని కూడా రాస్తా. అలా ఒక ఫొటో, ఇలా ఒక ఫొటో."

"నాకు మీటింగ్ ఉంది," అని జగదీష్ లోపలికెళ్ళి అద్దాల తలుపు గట్టిగా మూశాడు.

ముందు ఉన్నదున్నట్టు ఫొటో తీశాడు కోటేశ్వరరావు. కొమ్మలు తగిలి టోపీ పడిపోతుంటే తీసి గుంజకి తగిలించాడు. రాటలు ఊపి ఊపి పీకాడు. తీగలు తెగకుండా విప్పడానికి ఒక్కడి చేతులు చాల్లేదు. మీనా కాసేపు మూతి బిగించుకుని చూసింది. తర్వాత హెడ్‌సెట్ మెట్ల మీద పడేసి వచ్చి, తీగల్ని చంటిపిల్లని ఎత్తినట్టు రెండు చేతుల మీద ఎత్తి పట్టుకుంది. అతను గోతులు తవ్వాడు. ఎడమ చెయ్యి లాగింది. విదిలించుకుని మళ్ళీ తవ్వాడు. రాటలు నాటి, పాదు కుదురు గడ్డి వైపుకి మార్చి, తవ్విన అడవి మట్టిని అడవికే తోసి ఆకులు కప్పాడు. నాలుగు దిక్కులా ఫొటోలు తీసి ఫోన్లోంచే డయాన్‌కి పంపాడు. వెంటనే జవాబొచ్చింది: అందాయి, పంపేస్తున్నాను.

అప్పుడు ఓక్ చెట్టుకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఆ రోజు మొదటిసారి.

"నీళ్ళు పోసి వదిలెయ్యి. నాలుగు రోజులు వాడుతుంది, చావదు," అన్నాడు.

"ఆదివారం రాకపోతే ఊరుకోను," అంది మీనా, ఇంకా కోపంగానే. లోపలికెళ్ళి మజ్జిగ చిలికి, ఉప్పేసి తెచ్చింది.

"అన్నయ్యా, మజ్జిగ."

అతను లేవలేదు. ఎప్పుడూ ఆడుతూ ఉండే ఆ కాళ్ళు ఆడటం లేదు.

అతను పోయాక వచ్చిన చలికాలంలో గుర్తింపు రెన్యూ అయింది. తూర్పు గుంజ గురించి కమిషన్ వాళ్ళు ఒక్క ప్రశ్నా అడగలేదు. మీనా ఆకులు కప్పి కాచుకున్న దొండ దుంప వసంతంలో మళ్ళీ చిగిర్చింది. కొత్త తీగ ఎటు మళ్ళించినా అడవి వైపుకే పాకుతోంది. వారం వారం జగదీషే వచ్చి దాన్ని ఇవతలికి తిప్పి కడుతున్నాడు, గుంజ మీద గడ్డిరంగు టోపీ కదలకుండా.