అతికించిన మీసాలు

నేను ఒక పొడుగు మీసాల పురుగుని. గుండుసూదికి గుచ్చుకుని అద్దాల పెట్టెలో ఉంటాను. మారేడుమిల్లి అడవిలో, ఎండిన మద్దిమాను లోపల పుట్టాను. రెక్కలొచ్చి బయటికొచ్చిన నెలకే పద్మనాభం మాస్టారి సీసాలో పడ్డాను. ఆయన కాకినాడలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. పురుగులంటే ఆయనకున్న ప్రేమ అంతా ఇంతా కాదు. అందుకే చంపుతారు.

ఎండి బిగుసుకుపోయిన మమ్మల్ని సూదికి గుచ్చే ముందు రెండు రోజులు తడి ఇసక మీద ఉంచాలి. అప్పుడే కాళ్లూ మీసాలూ మెత్తబడి చెప్పినట్టు వంగుతాయి. ఆ పని రాజ్యానిది. ఒకప్పుడు కాలేజీ ల్యాబ్‌లో మాస్టారి దగ్గర పనిచేసిన మనిషే. చెయ్యి మహా నేర్పు. ఆ నేర్పే కొంప ముంచింది. ఒక్కరోజుకే నన్ను తీసి సర్దబోయింది. రెండు మీసాలూ పుటుక్కున విరిగి పొడైపోయాయి. ఆవిడ అటూ ఇటూ చూసి, పక్క డబ్బాలోని వేరే జాతి పురుగు మీసాలు తీసి జిగురుతో నాకు అంటించింది. తెల్ల పట్టీల మీసాలు.

మర్నాడు మాస్టారు భూతద్దంలో చూసి కుర్చీలోంచి లేచిపోయారు. ఇలాంటి ఒంటికి ఇలాంటి మీసాలు ఎవరూ చూడలేదట, నేను కొత్త జాతినట. కిందటేడు కన్నుమూసిన భార్య సుభద్రమ్మ పేరు నాకు పెడతానన్నారు. చీటీ మీద ఆ పేరు రాసుకుని, వారం కూర్చుని వ్యాసం పూర్తిచేశారు. ఆ వారమంతా సూది లేకపోతే పారిపోయేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆ మీసాలు నాకు నచ్చాయి కూడా. అదే నా సిగ్గు.

పోస్టు చెయ్యమని కవరు చేతికిస్తే రాజ్యం గుమ్మం దాటలేదు.

"మాస్టారండీ, ఇది పంపకండి. అవి దాని మీసాలు కావండి, నేనే అతికించేనండి. అమ్మగారి పేరన్న కాణ్ణించీ నాకు ముద్ద దిగట్లేదండి."

మాస్టారు కవరు వెనక్కి తీసుకుని, భూతద్దం పెట్టి నా మీసాల మొదళ్లు చూశారు.

"అతుకు చూడాల్సింది నేనమ్మా," అన్నారు చివరికి. "పేరు పెట్టే ఆత్రంలో చూడలేదు."

నా కింద కొత్త చీటీ గుచ్చారు: 'మీసాలు దీనివి కావు. అతికించింది రాజ్యం. నమ్మింది నేను.' సుభద్రమ్మ పేరున్న పాత చీటీని మాత్రం చింపలేదు, మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇప్పటికీ పెట్టె తెరిచినప్పుడల్లా ఆయన చెయ్యి ఆ జేబు మీదికి పోతుంది. అప్పుడు కళ్లు మూసుకోవాలనిపిస్తుంది నాకు. మా జాతికి రెప్పలుండవు.